1,28,000 కిలోమీటర్లు తిరిగిన ఆక్టావియా ఆర్‌ఎస్: కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచి స్కోడా ఆక్టావియాలో వేగం కోసం చేసిన ఆర్‌ఎస్ రకం అంటే పిచ్చి. బెంగళూరులో 2018 నాటి ఆర్‌ఎస్ 230 ఒకటి అమ్మకానికి వచ్చింది. ఇప్పుడున్నది రెండో యజమాని. 1,28,000 కిలోమీటర్లు తిరిగింది. 14.5 లక్షలు అడుగుతున్నారు. ‘స్టేజ్ 1’ చేయించారట, ఆ అదనపు శక్తి మీకు ఉచితం అంటున్నారు. నా దగ్గర 11 లక్షలు ఉన్నాయి. ఇప్పుడు నడుపుతున్న స్విఫ్ట్ అమ్మితే మూడున్నర లక్షలు వస్తాయి కాబట్టి అప్పు చేయనక్కరలేదు. అమ్మానాన్న గుంటూరులో ఉంటారు. నాన్నగారిని నెలకోసారి హైదరాబాదు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాలి. స్నేహితుల్లో సగం మంది లక్ష దాటిన టర్బో బండి జోలికి పోవద్దు, గేర్లను తనంతట తానే మార్చుకునే డీఎస్‌జీ గేర్‌బాక్సు పోతే ఇల్లు అమ్ముకోవాలి అంటున్నారు. మిగతా సగం మంది పెళ్ళయ్యాక ఇలాంటివి కుదరవు, ఇప్పుడే కొనెయ్యి అంటున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందరూ మిమ్మల్ని భయపెడుతున్న ఆ 1,28,000 నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు. నేను ఆగిపోయింది ‘స్విఫ్ట్ అమ్మితే’ అన్న చోట. అక్కడికి తరువాత వస్తాను. ముందు మీ స్నేహితుల సంగతి తేల్చుకుందాం. భయపెట్టేవాళ్ళూ ఎగదోసేవాళ్ళూ అందరూ మీకు సగం సగమే చెప్పారు.

ఏడేళ్ళలో 1,28,000 అంటే ఏడాదికి 18,000 చిల్లర. ఊళ్ళు తిరిగే మనిషికి అది పెద్ద లెక్క కాదు. అసలు మీటరు చెప్పేది దూరం ఒక్కటే, ఎన్ని గంటలు నడిచిందో అది చెప్పదు. సగటున గంటకు 60 కిలోమీటర్ల చొప్పున హైవే మీద తిరిగి ఉంటే ఈ ఇంజన్ సుమారు 2,130 గంటలు పనిచేసినట్టు. బెంగళూరు ట్రాఫిక్‌లో గంటకు 20 చొప్పున ఈదుకుంటూ తిరిగి ఉంటే 6,400 గంటలు. మీటరు మీద రెండూ ఒకే అంకె. ఒకదానిలో క్లచ్‌లు, బ్రేకులు, గేర్లు మూడింతలు కష్టపడ్డాయి. కాబట్టి అమ్మే మనిషిని ఎంత తిరిగింది అని కాదు, ఎక్కడ తిరిగింది అని అడగండి. చెప్పిన మాటను ఫాస్టాగ్ ఖాతాతో సరిచూడవచ్చు. నెలకు నాలుగుసార్లు మైసూరో చెన్నైయో వెళ్ళివచ్చిన బండికి టోల్ చెల్లింపులు కనిపించి తీరాలి.

ఇలాంటి కార్లను నేను ఒకే కొలతతో చూస్తాను. ప్రతి బండికీ ఒక ఖాతా ఉంటుంది. తిరిగే కొద్దీ అది ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది: ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, బుష్షులు, టైర్లు. అడిగినప్పుడల్లా ఇచ్చిన యజమాని దగ్గర బిల్లులు ఉంటాయి. ఇవ్వనివారి దగ్గర కథలు ఉంటాయి. ఆర్‌సీ మీ పేరు మీదికి మారిన రోజున ఆ పాత బాకీ కూడా మీ పేరుకే మారుతుంది, దానికి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు పెట్టనక్కరలేదు. బాకీ లేని 1,28,000 కిలోమీటర్ల బండిని, నిండా బాకీలున్న 60,000 కిలోమీటర్ల బండి కంటే ముందు కొంటాను నేను.

ఈ కారు ఖాతా ఎంత పెద్దదో తెలియాలంటే అది పుట్టిన ఇల్లు గుర్తుంచుకోవాలి. 2017లో ఆర్‌ఎస్ 230 మన దేశంలోకి వచ్చినప్పుడు షోరూము ధర 24.62 లక్షలు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. సున్నా నుంచి వందకు 6.8 సెకన్లు అని కంపెనీ లెక్క. 2020లో ఆర్‌ఎస్ 245 అని 200 కార్లు తెచ్చి 35.99 లక్షలకు అమ్మారు. 2023లో మామూలు ఆక్టావియా కూడా ఇక్కడ ఆగిపోయింది. 2025 అక్టోబరులో కొత్త ఆర్‌ఎస్‌ను 100 కార్లకే పరిమితం చేసి 49.99 లక్షలు పెట్టారు. కొత్తది అరకోటి అయ్యేసరికి పాతది పద్నాలుగున్నరకు చవక అనిపిస్తుంది. కానీ వయసుతో తగ్గేది బండి ధర. విడిభాగాల ధర తగ్గదు. పాతిక లక్షల కారుకు పాతిక లక్షల కారు ఖర్చే ఉంటుంది, మీరు ఎంతకు కొన్నా సరే. ఇంజను వరకు కొంత నయం, స్కోడా వాళ్ళ సూపర్బ్ కారులోనూ ఇదే కుటుంబం ఇంజన్లు రావడం వల్ల సామాను దొరుకుతుంది, బయట పనిచేసేవాళ్ళకు చేయి అలవాటైంది. ఆర్‌ఎస్‌కే ప్రత్యేకమైన బంపరు లాంటిది పగిలితే మాత్రం ఎదురుచూపులే.

ఇక ఇల్లు అమ్ముకోవాల్సిన గేర్‌బాక్సు. డీఎస్‌జీ అన్నది ఒక్క గేర్‌బాక్సు పేరు కాదు, ఒక ఇంటిపేరు. ఆ ఇంట్లో మన దగ్గర పేరు పోగొట్టుకున్నవాడు ఏడు గేర్ల డీక్యూ200. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐలో, మామూలు ఆక్టావియా 1.8 పెట్రోలులో వచ్చింది వాడే. ఆ రకంలో క్లచ్‌లు పొడిగా ఉంటాయి. ట్రాఫిక్‌లో జానెడు జానెడు జరుగుతూ పోతే వేడెక్కి అరుగుతాయి. గేర్లను మార్చే మెకట్రానిక్ యూనిట్ కూడా చాలామందికి చుక్కలు చూపించింది. ఆర్‌ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల డీక్యూ250. ఇందులో క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉంటాయి, ఆ ఆయిలే వాటిని చల్లబరుస్తుంది. తమ్ముడు చేసిన అప్పుకు అన్నను నిలదీసినట్టుంది మీ స్నేహితుల మాట.

అయితే అన్నకూ ఒక పథ్యం ఉంది. ఆ క్లచ్‌ల అరుగుదల అంతా ఆ ఆయిల్లోనే కలుస్తుంది కాబట్టి 60,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. ఇది ఇంజన్ ఆయిల్ కాదు, వేరే పని, వేరే బిల్లు. మన లెక్క ప్రకారం ఈ బండికి 60,000 దగ్గర ఒకసారి, 1,20,000 దగ్గర ఒకసారి ఈ పని జరిగి ఉండాలి. అంటే రెండు బిల్లులు. నాలుగు ఫొటోలు పంపి ఎంత ఇస్తారు అని అడిగే అమ్మకందారును మీరు ముందుగా అడగాల్సింది ఈ రెండు కాగితాలే. రెండూ ఉంటే ముందుకు వెళ్ళండి. ఒకటే ఉంటే రెండోది ఎందుకు లేదో వినండి. ఒక్కటీ లేకపోతే ఆ బండి ఎంత మెరుస్తున్నా బెంగళూరు టికెట్ డబ్బులు మిగుల్చుకోండి.

ఇంజన్ విషయానికొస్తే ఈఏ888 అనే కుటుంబంలో మూడో తరానికి చెందిన ఈ ఇంజన్ గట్టిదే. దీనికి ముందు తరంలో టైమింగ్ చైనును బిగించి పట్టే టెన్షనరు విఫలమై ఇంజన్లు పాడైన ఉదంతాలు ప్రపంచమంతా ఉన్నాయి. ఇందులో ఆ బెడద చాలావరకు తగ్గింది. తగ్గనిది నీళ్ళ పంపు. పంపూ థర్మోస్టాటూ కలిసి ఉండే ఆ ప్లాస్టిక్ డొప్ప వేడికి వంగి కూలెంట్ కారడం ఈ కుటుంబానికి బాగా తెలిసిన జబ్బు. కొంచెం కొంచెంగా కారి, వేడికి అక్కడే ఎండిపోతుంది కాబట్టి నేల మీద చుక్క పడదు. యజమానికి నిజంగానే తెలియకపోవచ్చు. ఇక పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, లక్ష దాటాక శుభ్రం చేయించుకోవాల్సి రావచ్చు. ఇది ఖర్చు తప్ప ప్రమాదం కాదు. ఈ20 పెట్రోలు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలావరకు 20 శాతం ఇథనాల్ కలిపినదే, 2018 బండి దానికోసం తయారైనది కాదు. రేపే ఆగిపోతుందని కాదు గానీ ఇంధన పైపులు, సీళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

ఇప్పుడు ఆ ‘ఉచిత’ శక్తి. స్టేజ్ 1 అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి టర్బో చేత ఎక్కువ గాలి కొట్టించడం. కొత్త సామాను ఏదీ వేయరు, ఉన్నదాని చేతే ఎక్కువ పని చేయిస్తారు. ఇలాంటి ట్యూనింగ్‌లో టార్క్ 400 న్యూటన్ మీటర్లు దాటడం మామూలే. ఆ గేర్‌బాక్సును తయారుచేసినవాళ్ళు దాదాపు 350 వరకు మోయగలిగేలా చేశారు. ఎద్దు మోస్తోంది కదా అని బండికి ఇంకో బస్తా వేసినట్టు. మంచి చేతిలో, మంచి ఆయిలుతో, ఏళ్ళ తరబడి తిరుగుతున్న స్టేజ్ 1 బండ్లూ ఉన్నాయి, అబద్ధం చెప్పను. నేను ప్రోగ్రాము కంటే దాన్ని చేయించుకున్న మనిషి గురించి ఎక్కువ ఆలోచిస్తాను. 230 హార్స్‌పవర్ చాలక ఇంకా కావాలనుకున్నవారు ఆ బండిని చల్లటి ఇంజనుతో పొద్దున్నే తొక్కి ఉండరని ఎవరు చెప్పగలరు? ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించారు, ఎవరి చేత, కంపెనీ ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించి ఇస్తారా అని అడగండి. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు వల్ల క్లెయిము చిక్కుల్లో పడే అవకాశం ఉంది. నా మటుకు నేనైతే స్టేజ్ 1కు ఒక్క రూపాయి కలపను, పైగా ధరలో తగ్గించమంటాను.

నా సొంత గొడవ ఒకటి చెప్పనివ్వండి. 2011లో నేనూ తొంభై వేలు తిరిగిన ఒక టర్బో పెట్రోలు కారు కొన్నాను. ఏ కంపెనీదో అనవసరం, తప్పు దానిది కాదు. వర్క్‌షాపుల్లో పాతికేళ్ళు చేతులు నల్లగా చేసుకున్న మనిషిని, నాకెవరు చెబుతారన్న ధీమా. సాయంత్రం ఆరున్నరకు చూడటానికి వెళ్ళాను, ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చారు, ఇంజన్ వేడిగా ఉంది. ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. మంచి కాఫీ. మసక వెలుతురులో బంగారంలా కనిపించింది బండి. 20,000 బేరమాడి తగ్గించి గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. నాలుగో నెల నుంచి మొదలైంది: కూలెంటు, తరువాత టర్బో, తరువాత సస్పెన్షన్. ఏడాదిన్నరలో కొన్న ధరలో సగం మళ్ళీ పెట్టాను. ఇంటి ఖర్చుల పుస్తకంలో మా ఆవిడ ఆ డబ్బంతా ‘చదువులు’ అన్న పద్దు కింద రాసింది. పిల్లల ఫీజుల్లో ఇవెందుకు కలిపావు అని అడిగితే, “పిల్లలవి కావు, మీ చదువు” అంది.

సరే, స్విఫ్ట్. లెక్క చూద్దాం. మీ దగ్గరున్నవి 11 లక్షలు. స్విఫ్ట్ మూడున్నర కలిపితే పద్నాలుగున్నర, బండి ధరకు సరిగ్గా సరి. అంటే తాళాలు చేతికొచ్చిన రోజున మీ చేతిలో ఏడేళ్ళ పాత బండి ఒకటి ఉంటుంది, డబ్బు ఉండదు, ఇంకో వాహనం ఉండదు. బండిని తెలంగాణకు మార్చుకోవాలి కదా? ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద కాదు, కొత్తప్పటి ధర మీద వయసును బట్టి కొంత తగ్గించి వేస్తారు. పాతిక లక్షల కారుకు అది వేలల్లో తేలదు. బెంగళూరు వెళ్ళక ముందే ఆర్‌టీఏ ఆఫీసులో లెక్క వేయించుకోండి. కర్ణాటకలో కట్టిన పన్నులో కొంత వాపసు తెచ్చుకోవచ్చని అమ్మకందారు చెబుతారు. వస్తే సంతోషం, రాక ముందే ఖర్చు పెట్టకండి. ఆ పైన బీమా.

ఇదంతా అయ్యాక కూడా, ఇలాంటి కారు కొనేవారు మొదటి ఏడాది కోసం మూడు లక్షలు విడిగా పెట్టుకోవాలన్నది నా లెక్క. ఆయిళ్ళన్నీ మార్చడం, ప్లగ్గులు, నీళ్ళ పంపు, నాలుగు మంచి టైర్లు, ముందు బ్రేకు డిస్కులు, అరిగిన బుష్షులు. వీటిలో సగమైనా మొదటి ఏడాదిలో పలకరిస్తాయి. అన్నీ ఒకేసారి రావచ్చు, ఏదీ రాకపోవచ్చు. రాకపోతే ఆ డబ్బు మీదే కదా.

అంతకంటే పెద్ద మాట, నెలకోసారి నాన్నగారి ప్రయాణం. గుంటూరు నుంచి హైదరాబాదుకు సుమారు 270 కిలోమీటర్లు. ఆక్టావియా ఆ దారిలో అద్భుతంగా పోతుంది, అనుమానం లేదు. ఒక నెల మాత్రం అది విడిభాగం కోసం పది రోజులు షెడ్డులో కూర్చుంటుంది. పక్కన స్విఫ్ట్ ఉంటే మీరు ఆ పది రోజులూ నవ్వుతూ ఆగుతారు. లేకపోతే డాక్టరు అపాయింట్‌మెంట్ ముంచుకొస్తోందని హడావుడిలో దొరికిన మెకానిక్ చేత దొరికిన సామాను వేయిస్తారు. ఇలాంటి బండ్లు చెడిపోయే దారుల్లో ఇదే పెద్దది. రెండో వాహనం ఉన్నవారికి ఇది ముచ్చట. అదొక్కటే ఉన్నవారికి మెడలో గుదిబండ.

కాబట్టి నా జవాబు: స్విఫ్ట్ అమ్మకండి, ఈ కారు ఇప్పుడు కొనకండి. ఏడాదో ఏడాదిన్నరో ఆగి, స్విఫ్ట్ ఉండగానే చేతిలో పదిహేడు పద్దెనిమిది లక్షలు పోగయ్యాక మళ్ళీ వెతకండి. అప్పుడు తెలంగాణ రిజిస్ట్రేషన్ బండి దొరికితే పన్ను గొడవ కూడా తప్పుతుంది. పెళ్ళయ్యాక కుదరదన్న స్నేహితులకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది మీరు చేసుకోబోయే అమ్మాయిని అడగాల్సిన ప్రశ్న. ఆమెకే మీ కంటే వేగం ఇష్టమేమో, ఎవరికి తెలుసు?

ఇంత చెప్పినా మీరు వచ్చే శుక్రవారం రాత్రి బెంగళూరు బస్సెక్కుతారని నాకు తెలుసు. 29 ఏళ్ళ వయసులో నేనైనా ఎక్కేవాడినే. ఎక్కితే ఇవి చూసి రండి.

తెల్లవారాకే వెళ్ళండి. మీ వెంట ఈ కంపెనీ బండ్ల మీద పనిచేసే మనిషి ఉండాలి, ఆయన దగ్గర స్కానరు ఉండాలి. ఆయనకు ఐదు వేలో ఏడు వేలో ఇవ్వాల్సి వస్తే బేరమాడకండి. వెళ్ళగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి మీ నుంచి ఏదో దాచారని అర్థం, మధ్యాహ్నం మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళి టిఫిను చేయండి. చల్లగా ఉంటే బానెట్ ఎత్తి పక్కన నిలబడి, అప్పుడు స్టార్ట్ చేయించండి. మొదటి రెండు సెకన్లలో గొలుసు డబ్బాలో ఆడినట్టు గరగర వినిపిస్తే అది చైను గొంతు. పొగ గొట్టంలో నీలం పొగ, తెల్ల పొగ గమనించండి. ఇన్‌టేక్ పైపుల కింద, ఇంజనుకు గేర్‌బాక్సు వైపున టార్చి వేసి చూడండి. గులాబీ రంగు ఎండిన మరకలు ఉంటే నీళ్ళ పంపు కారుతున్నట్టు.

గేర్‌బాక్సును హైవే మీద పరీక్షించి లాభం లేదు, అక్కడ ఏ డీఎస్‌జీ అయినా వెన్నలా పోతుంది. ఏదైనా అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీద ఎక్కించి మధ్యలో ఆపండి. బ్రేకు వదిలి, యాక్సిలరేటరు తొక్కకుండా మెల్లగా కదలనివ్వండి. వణికితే గుర్తు పెట్టుకోండి. రివర్సు వేసి ఎంత ఆలస్యంగా పట్టుకుంటుందో చూడండి. నెమ్మదిగా ఆగుతున్నప్పుడు రెండు నుంచి ఒకటికి దిగేచోట వెనుక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు ఉంటే ఆ రెండు బిల్లులు నిజంగానే ఉన్నాయా అని మళ్ళీ అడగండి. ఇదంతా బండి బాగా వేడెక్కాక, ఓ నలభై నిమిషాలు తిప్పాక, ఇంకోసారి చేయండి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి వేడికి తిరగబడేవి ఉంటాయి.

మీటరు నిజమా కాదా అన్నది స్కానరు చెబుతుంది. ఈ బండ్ల కంప్యూటర్లలో లోపం నమోదైనప్పుడు, అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో కూడా పక్కన రాసుకుంటాయి. మీటరు 1,28,000 చూపిస్తూ, గేర్‌బాక్సు కంప్యూటరేమో 1,60,000 దగ్గర ఏదో లోపం వచ్చిందని చెబితే ఇక మాట్లాడటానికి ఏమీ లేదు, వచ్చేయండి. అన్ని లోపాలూ ఆ రోజు ఉదయమే తుడిచేసి ఉన్నా అది కూడా ఒక సమాధానమే. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటర్లలో పాత రికార్డు అడగండి, యజమాని పక్కనుంటే సాధారణంగా చూపిస్తారు.

బెంగళూరు బండి కాబట్టి ఒకటి ప్రత్యేకంగా. 2022 సెప్టెంబరు వరదల్లో అక్కడి ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఖరీదైన కార్లు బానెట్ దాకా మునిగాయి. మనకు మాత్రం 2024 సెప్టెంబరులో బుడమేరు చేసింది తక్కువా? మునిగిన బండిని కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి వేరే ఊళ్ళో అమ్మడం తెలిసిన వ్యాపారమే. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, మునిగిన బండైతే రోజూ బయటికి రాని ఆ చివరి మూరలో బురద గీత దొరుకుతుంది. సీట్ల కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట, కార్పెట్ కింద దూది కూడా చూడండి. బీమా క్లెయిముల చరిత్ర కూడా అడగండి.

టైర్లు నాలుగూ ఒకే రకమా అని చూడండి. నాలుగు చక్రాలకు మూడు రకాల చవక టైర్లు వేసినవారు గేర్‌బాక్సు ఆయిలు మాత్రం సమయానికి మార్చారంటే నేను నమ్మను.

కాగితాల సంగతి క్లుప్తంగా: ఆర్‌సీ మీద బ్యాంకు అప్పు తాలూకు హైపోథికేషన్ ఉంటే అది తొలగించాకే డబ్బు. చలానాలు ముందు వాళ్ళే కట్టాలి. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ వచ్చేదాకా కొంత మొత్తం మీ దగ్గరే ఆపుకోండి. సంతకాలు పెట్టిన ఫారాలు ఇచ్చేస్తాం, మీరు తీరిగ్గా మార్చుకోండి అనేవారి మాట వినకండి, బీమా కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి.

అన్నీ బాగుండి, రెండు డీఎస్‌జీ బిల్లులూ కళ్ళారా చూసి, కంపెనీ ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించి ఇస్తామంటే ఈ బండికి నేను పన్నెండు చెబుతాను, పన్నెండుంపావు దగ్గర ఆగుతాను. ఆయన పద్నాలుగుకు దిగి అదే ఆఖరంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఈ ధరలో, ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి కొనేవాళ్ళు వరుసలో నిలబడి ఉండరు. రెండు వారాలాగి ఆయనే ఫోను చేయవచ్చు.

ఒకటి మరిచాను. బస్సెక్కే ముందే ఆయనకు ఫోను చేసి, పొద్దున మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని చెప్పండి. ఎందుకు అని అడిగితే కారణం దాచకండి, ఉన్నదున్నట్టు చెప్పి ఆయన ఏమంటారో వినండి. కాఫీ మాత్రం బేరం తేలాక తాగండి.